మూడో గుండీ

తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించి, ఆవిరి లేవగానే తీసేసింది సూదమ్మ. ఆమె అసలు పేరు స్టూడియో గేటు కాపలాదారుకు కూడా తెలియదు. పదకొండేళ్లుగా రోజూ ఆమె చేతికి మొదట వచ్చేది ఈ బూడిదరంగు కోటే. సీరియల్లో తండ్రి వేషానిది. మోచేతుల దగ్గర రెండు మాసికలు, ముందు అయిదు గుండీలు. నాలుగు గోధుమరంగువి, మూడోది నీలం.

ఆ నీలం గుండీ ఆమె చేసిన తప్పు. మొదటిరోజు కెమెరా సిద్ధమయ్యాక గుండీ ఊడిపోయింది. డబ్బాలో జతది దొరకలేదు. ఎవరు చూస్తారులే అని తన స్వెటరుదే ఒకటి తెంపి కుట్టేసింది. తెరమీద పడ్డాక ఇక మార్చడానికి లేదు. అప్పటి దర్శకుడు తలవాచేలా చివాట్లు పెట్టాడు.

చూసేవాళ్లు మాత్రం అది కథలో చనిపోయిన అతని భార్య గుండీ అని వాళ్లంతట వాళ్లే తేల్చేశారు. సీరియల్లోని ఆ పాతకాలపు ఇల్లు తమదే అనుకున్న జనం మరి. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఒకావిడ తన తల్లి స్వెటరు గుండీని తండ్రి చొక్కాకు కుట్టానని రాసింది. సూదమ్మ నిజం చెప్పలేదు. తన స్వెటరుకు కొత్త గుండీ కూడా కుట్టుకోలేదు. అక్కడ ఇప్పటికీ పిన్నీసే.

ఇవాళ ఆఖరి భాగం. ఈమధ్యే వచ్చిన దర్శకుడు కొత్త కోటు పట్టుకొచ్చాడు.

“చివరిసారి కనిపిస్తున్నారు, హుందాగా ఉండాలి. ఆ పాతది పక్కన పడెయ్యమ్మా.”

సూదమ్మ ఇన్నేళ్లలో ఎవరికీ ఎదురు చెప్పలేదు.

“కోటు మార్చండి బాబూ. గుండీ మాత్రం అదే ఉండనివ్వండి.”

“గుండీ ఎవరు చూస్తారమ్మా?”

“మొదటిరోజు నేనూ ఇలాగే అనుకున్నాను.”

అతను వాచీ చూసుకున్నాడు. “రెండు నిమిషాల్లో కానివ్వు.”

ఆమెకు అంతసేపు కూడా పట్టలేదు. తండ్రి వేషం వేసే పెద్దాయన కొత్త కోటు మళ్లీ తొడుక్కుని, నీలం గుండీ తడిమి చూసుకున్నాడు.

“ఇప్పుడు నాదిలా ఉంది. ఇందాక పెళ్లికొడుకులా ఉన్నాను.”

ఆఖరి సీనులో తండ్రి కోటు విప్పి కూతురి భుజాల మీద కప్పాలి, గుమ్మం దాటి వెళ్లిపోవాలి. కాగితంలో ఉన్నది అంతే. కూతురి వేషం వేసే అమ్మాయి మాత్రం మూడో గుండీని వేళ్లతో పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. లైట్ల పెద్దాయన ముక్కు చీదాడు. గోడవారగా నిలబడ్డ సూదమ్మ మడమలెత్తి ఆ గుండీనే చూసింది.

కాసేపటికి దర్శకుడు ఆమె దగ్గరికి వచ్చాడు. “కథలో ఈ గుండీ సంగతి ఎవరు రాశారమ్మా?”

“ఎవరూ రాయలేదు బాబూ. నేను కుట్టాను.”

అతని చూపు ఆమె స్వెటరు మీది పిన్నీసు దగ్గర ఆగింది. రెండు చేతులూ జోడించాడు.

సూదమ్మ ఇస్త్రీపెట్టె తీగ చుట్టింది. సూదుల డబ్బా చంకన పెట్టుకుని, ఎండ ఇంకా ఉండగానే గేటు దాటింది. రేపటి నుంచి రానక్కర్లేదు. ఖాళీ గదిలో కొక్కేనికి పాత కోటు వేలాడుతోంది. దాని మూడో గుండీ చోట చిన్న దారం ముక్క మిగిలింది.