ఇంట్లోనే ఉంటావుగా

ఆ రోజు పొద్దున భర్త కాఫీ కలిపి తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ఆమెకు అనుమానం అక్కడే మొదలైంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను అసలు కాఫీ కలపలేదని కాదు. ఒకసారి కలిపాడు, పాప పుట్టిన కొత్తలో. ఆ ఒక్క కాఫీ గురించి చుట్టాలందరికీ చెప్పుకున్నాడు, సందర్భం వస్తే ఇప్పటికీ చెబుతాడు. అలాంటి మనిషి అడక్కుండా కప్పు తెచ్చి, కిందకి సాసర్ కూడా పెట్టి, పక్కన కూర్చుని, "ఏ ఊరి బేస్ తీసుకుంటావో పూర్తిగా నీ ఇష్టం. నేనేమీ అనను. నీ కెరీర్ నీది" అన్నాడు. ఆమె ఒక గుటక వేసింది. కాఫీలో చక్కెర ఎక్కువైంది. మాటల్లో కూడా ఎక్కువైనట్టే అనిపించింది.

"మీరేమనుకుంటున్నారు?" అని అడిగింది.

"అనుకోవడానికేముంది? మీ బ్యాచ్‌లో అందరూ చిన్నపిల్లలు, చురుగ్గా ఉంటారు. వాళ్ళు ఏరుకున్నాక మిగిలింది నీకిస్తారు. ఈ ఊరు మిగిలితే నీ అదృష్టం, లేకపోతే చూద్దాం. నువ్వేం టెన్షన్ పడకు."

ఉద్యోగం వచ్చిన రోజు ఇదే మనిషి "చిన్న కంపెనీయేలే, పంకాల విమానాలు" అన్నాడు. అంతకు ముందు, ఆమె మళ్ళీ పరీక్షలు రాస్తానన్న రోజు, "ఈ వయసులో నీకు విమానం ఎవరిస్తారు, నేనే కారు ఇవ్వడానికి ఆలోచిస్తాను" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. పెళ్ళికి ముందు తీసుకున్న పైలట్ లైసెన్సు బీరువాలో పట్టుచీరల అడుగున పడి కాలం చెల్లిపోయింది. పాప ఎదిగి తన జడ తను వేసుకోవడం మొదలుపెట్టాక ఆమె దాన్ని బయటికి తీసి, మళ్ళీ చదివి, మళ్ళీ ఎగిరి, నలభై దాటాక ఈ కంపెనీలో చేరింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడ్డుపడలేదు, నిజమే. ఎవరూ పక్కకి జరిగి దారీ ఇవ్వలేదు. ఇప్పుడు హఠాత్తుగా అందరూ జరుగుతున్నారు. అదే ఆమెకు కొరుకుడు పడలేదు.

అత్తగారి వరసా మారింది. "విమానం నడపడానికి అంతమంది మగపిల్లలున్నారు కదమ్మాయ్, నీకెందుకీ యాతన?" అన్న మనిషి మొన్న తన గదిలో బీరువా సగం ఖాళీ చేసి, "నీ యూనిఫాం ఇక్కడ పెట్టుకో, నలగకుండా ఉంటుంది" అంది. నిన్న టీవీ కట్టేసి మరీ పిలిచి, "ఆ స్టాండ్‌బై అన్నావే, అది నెలలో ఎన్ని రోజులుంటుంది?" అని అడిగింది. విమానాల గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది. మునుపైతే ఆమె మురిసిపోయేది. ఇప్పుడు మాత్రం, 'ఈవిడకెందుకీ లెక్క?' అనుకుంది.

స్టాండ్‌బై గురించి చెప్పింది తనే. పోయిన వారం అన్నాల దగ్గర, అడిగేవాళ్ళు లేకపోయినా, ఉత్సాహం ఆపుకోలేక చెప్పింది. బేస్ అంటే పైలట్ డ్యూటీ మొదలయ్యే, ముగిసే ఊరు. తమ కంపెనీలో కొత్తవాళ్ళకి రెండే దారులు, ఈ ఊరు లేదా రేవు పట్నం. ఒకసారి ఎంచుకుంటే కొన్నేళ్ళదాకా మార్చరు. రేవు పట్నంలో విమానాలు ఎక్కువ, కొత్తవాళ్ళు చేరిన నెల నుంచే ఎగురుతారు, గంటలు పోగై తొందరగా కెప్టెన్లవుతారు. ఇక్కడ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వాటికి పాతవాళ్ళున్నారు. అందుకని కొత్తవాళ్ళు ఎక్కువగా స్టాండ్‌బైలో ఉంటారు, అంటే ఇంట్లోనే సిద్ధంగా ఉండి, ఎవరికైనా ఒంట్లో బాగోలేక ఫోన్ వస్తే గంటలో ఎయిర్‌పోర్టులో ఉండాలి. అప్పటిదాకా విశ్రాంతిగా ఉండటమే డ్యూటీ. అలసిపోయి విమానం ఎక్కితే తప్పు, నేరం.

"అయితే ఇంట్లోనే ఉంటావుగా" అంది అత్తగారు.

"పడుకున్నందుకు జీతమా! నాకూ ఇప్పించవే" అన్నాడు భర్త.

అంత వివరం చెబితే వాళ్ళ చెవుల్లో 'ఇంట్లోనే' అన్న ఒక్క మాట నిలిచింది. మిగతాదంతా చేతులు కడుక్కున్న నీళ్ళతో పోయింది. అప్పుడు ఆమె కూడా నవ్వేసింది. ఇప్పుడు చల్లారుతున్న కాఫీ ముందు కూర్చుంటే ఆ నవ్వు ఎందుకు నవ్వానా అనిపిస్తోంది.

వంటింట్లోకి వెళ్ళింది. ఆమె ట్రైనింగులో చేరినప్పటి నుంచి ఇంట్లో వంటామె వస్తోంది. పొయ్యి బర్నర్ సరిగ్గా మండదని రోజూ సణిగే మనిషి ఆ పొద్దున దాని ఊసెత్తలేదు. ఆమెను చూసి, "మీ కొత్త ఉద్యోగం అసలు ఇంట్లోనా బయటా అమ్మా?" అని మొదలుపెట్టింది. ఇంతలో ముందు గదిలోంచి అత్తగారు, "ఇలా ఒకసారి రావే" అని వంటామెను కేకేసింది. తలుపు వెనక మేకుకు రోజూ వేలాడే వంటామె నీలం ఏప్రన్ ఆ రోజు లేదు. మసిగుడ్డ మాత్రం ఉంది.

ఆ మేకు కేసి ఆమె చాలాసేపు చూసింది. తర్వాత తనని తనే తిట్టుకుంది. ఏప్రన్ ఉతకడానికి పట్టుకెళ్ళి ఉండొచ్చు. భర్తకి నిజంగానే బుద్ధి వచ్చి ఉండొచ్చు. అత్తగారికి వయసు మీద పడి మనసు మెత్తబడి ఉండొచ్చు. ఎవరైనా కాస్త మంచిగా మాట్లాడితే దాని వెనక ఏముందోనని వెతికే దాన్నయిపోయానా అని సిగ్గుపడింది. కానీ విమానంలో ఒక గేజు ముల్లు ఉండాల్సిన దానికన్నా బాగున్నా అనుమానించాలనే కదా నేర్పారు. ఇంజన్ వేడెక్కాల్సిన చోట చల్లగా చూపిస్తుంటే సంతోషించి ఊరుకోరు, గేజు పని చేస్తోందా అని చూస్తారు. ఇంట్లో అలా చూస్తే మాత్రం వంకర బుద్ధి అంటారు.

గుమ్మం దగ్గర పాప బూట్లు వేసుకుంటోంది. తండ్రి ముక్కు, తల్లి మొండితనం. తలెత్తకుండానే, "ఇవాళే కదా చెప్పేది? నీకేది కావాలమ్మా?" అంది.

"నాకేదైనా పర్లేదురా. మీకేది వీలైతే..."

"నువ్వు పర్లేదంటే నాకు నమ్మకం లేదు."

"అదేం మాటే?"

"అడుగంటిన కూర నువ్వు తిని పర్లేదంటావు. జ్వరమొస్తే పర్లేదంటావు. నాన్న అందరి ముందూ నీ మీద జోకులేస్తే పర్లేదంటావు. అన్నీ అబద్ధాలే కదా. నువ్వు నాతో ఉంటే బాగుంటుంది. కానీ పర్లేదని ఉండకు. తర్వాత నా వల్లే ఉన్నావంటారు." లేసు బిగించి, సంచీ తగిలించుకుని, ఆటో హారన్ వినబడగానే వెళ్ళిపోయింది.

ఇంటి మొత్తంలో తనని అనుమానించే మనిషి ఒకత్తి ఉందని ఆమెకు ఆ క్షణం దాకా తెలీదు. ఈ ఊరే తీసుకుందామా అని ఆ పొద్దున ఆమె సగం అనుకుంటూనే ఉంది. పాప కోసం అని పైకి చెప్పుకోవచ్చు. అసలు కారణం, వద్దంటే ఎవరి మొహం ఎలా మారుతుందో అన్న భయం. ఆ భయానికి పాప పేరు పెడుతున్నానని పాపే కనిపెట్టేసింది.

కంపెనీ ట్రైనింగ్ గదిలో ఏసీ గడగడమంటోంది. గోడ మీద పటం, దాని మీద రంగు పిన్నులు. బ్యాచ్‌లో మిగతావాళ్ళంతా నిన్నగాక మొన్న మీసాలు మొలిచినవాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. చేరిన వారానికే ఆమెకు 'పెద్దక్క' అని పేరు పెట్టేశారు. సిమ్యులేటర్‌లో ఆమె చక్రాలు కుదుపు లేకుండా దించితే, "పెద్దక్కకేం, ఇంట్లో కుక్కర్ దించి దించి అలవాటు" అన్నాడొకడు. బాగా నడిపినా వంటింటి పుణ్యమే. ఆమె పర్లేదనుకుని నవ్వేసింది. ఆ 'పర్లేదు'ను కూడా పాప పొద్దున ఏకరువు పెట్టిన వాటిలో కలుపుకోవాలి.

డ్యూటీలు వేసే అధికారి కాగితాల కట్టతో వచ్చి కూర్చున్నాడు. మంచి మనిషే, అందరినీ బాబూ అమ్మా అంటాడు. "ఒకే రోజు చేరినవాళ్ళలో ఎవరు ముందు అని గొడవ రాకుండా మన దగ్గర ఒక పద్ధతుంది. వయసును బట్టి వరస. పెద్దవాళ్ళు ముందు ఎంచుకుంటారు. బేసే కాదు, ఇక మీదట సెలవులకీ, ప్రమోషన్‌కీ అదే వరస" అన్నాడు.

"అయితే ఒకటో నంబరు పెద్దక్కే!" అన్నాడు కుక్కర్ జోకు వేసినవాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆలస్యంగా వచ్చావని, ఆఖరిదానివని, మిగిలింది తీసుకోవాలని ఇన్నాళ్ళూ విని విని ఆమె కూడా నమ్మింది. పిల్లని పెంచుతూ, మామగారిని చివరిదాకా చూసుకుంటూ, బీరువా అడుగున పడిపోయాయనుకున్న ఆ ఏళ్ళన్నీ కలిసి తనని వరసలో ముందు నిలబెట్టాయి. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగి లేచి నిలబడింది.

"మీరు లేవక్కర్లేదమ్మా, మీది ఈ ఊరే అని పెన్సిల్‌తో రాసేసుకున్నాను" అన్నాడు అధికారి. "మీవారు నిన్న ఫోన్ చేశారుగా. తను ఆఖర్న ఉంటుంది సార్, ఏం దొరకదేమో, ఎలాగైనా ఇక్కడే ఇప్పించండి అని ఎంత బతిమాలారో! తాను ఫోన్ చేసినట్టు మీకు చెప్పొద్దన్నారు కూడా. అలాంటి భర్త దొరకడం మీ అదృష్టం."

పిల్లలంతా ఆమె వైపు చూస్తున్నారు. స్కూల్లో చేర్చడానికి తీసుకొచ్చిన పిల్లకి కిటికీ పక్క బెంచీ అడిగినట్టు తన కోసం అడిగాడన్నమాట. నిన్న ఇక్కడ బతిమాలి, ఇవాళ పొద్దున కప్పు చేత్తో పట్టుకుని నీ ఇష్టం అన్నాడు. ఎటూ ఖాయం చేసి వచ్చాక ఇష్టం ఇవ్వడానికేం పోయింది? ఆ చక్కెర ఇంకా నాలుక మీద ఉన్నట్టే అనిపించింది.

అయినా ఆమె తొందరపడలేదు. కోపంతో ఎంచుకుంటే అది కూడా అతను ఎంచినట్టే అవుతుంది. అందుకని గోడ మీది పటం వంక చూస్తూ తనని తను అడిగింది, భర్త ఫోన్ చేయకపోయి ఉంటే ఏది కోరుకునేదాన్ని? జవాబు కోసం వెతకాల్సిన పని లేకపోయింది. ఆమెకు ఎగరాలని ఉంది. ఎప్పుడో ఒకప్పుడు కాదు, వచ్చే నెలే. ఎడమ వైపు కెప్టెన్ సీట్లో తను రిటైరయ్యే లోపు కూర్చోవాలని ఉంది. సెలవు రోజుల్లో కంపెనీ విమానంలోనే ఇంటికి వచ్చి పాప పక్కన పడుకుని కబుర్లు చెప్పాలని ఉంది. యూనిఫాం తొడుక్కుని పొయ్యి ముందు నిలబడి రాని ఫోన్ కోసం ఎదురుచూడాలని మాత్రం లేదు. ఇంత చిన్న సంగతి తనకు తను చెప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

"రబ్బరుందా సార్?" అంది.

"ఎందుకమ్మా?"

"నాకు రేవు పట్నం కావాలి. ఫోన్ చేసింది ఆయన. వెళ్ళేది నేను."

బస్సు దిగాక తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. వెనక వీధిలో ఒక గుమ్మం ముందు ఆగి, రెండు మాటలు మాట్లాడి, అప్పుడు వెళ్ళింది. ముందు గదిలో ముగ్గురూ ఉన్నారు. పాప బల్ల మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. అత్తగారు మొహం చేటంత చేసుకుని, "ఏమైందమ్మాయ్, ఇక్కడే కదా?" అంది.

"కాదత్తయ్యా. రేవు పట్నం."

భర్త చప్పున లేచాడు. "అదేంటి, ఆయన నాతో..." అని నాలుక కరుచుకుని, గొంతు మార్చాడు. "అంటే అదే మిగిలిందా? చెప్పానుగా, ఆఖరివాళ్ళ గతి ఇంతేనని. పోనీలే, బాధపడకు. నీ తప్పేముంది?"

తలుపు తెరిచినంత సులువుగా ఒక దారి ఎదురుగా కనబడింది. అవునండీ, అదే మిగిలింది, ఏం చేస్తాం అంటే చాలు. అందరూ అయ్యో అంటారు. భర్త కంపెనీని తిడతాడు. అత్తగారు తలనిమిరి పంపిస్తుంది. ఎవరి మొహమూ మారదు. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళొచ్చు, పైగా జాలి కూడా దక్కుతుంది. 'అవును' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పాప పుస్తకంలోంచి తలెత్తి తల్లినే చూస్తోంది. ఆ చూపులో పొద్దుటి అనుమానమే.

"ఏదీ మిగల్లేదండీ. అన్నీ అలాగే ఉన్నాయి" అంది ఆమె. "వయసు వరసలో మొదట అడిగింది నన్నే. మీరు ఫోన్ చేసి చెప్పిన ఊరు కూడా పెన్సిల్‌తో రాసి ఉంది. చెరిపించి, నాకు కావలసింది నేను అడిగాను."

భర్త మొహం మారింది. ఇన్నేళ్ళూ ఆమె భయపడిన ఆ మారడం ఇదే. చూసింది. ఇల్లు కూలలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. పాప పెన్ను కింద పెట్టేసి, చెంపలు రెండు చేతుల్లో పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

అత్తగారు మాత్రం సోఫాలో ముందుకు జరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని ఘొల్లుమంది. "అయ్యో! ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా అని వంటామెను మాన్పించేశాను కదే!"

ఆమె చెప్పులు విప్పి, బ్యాగు తలుపు పక్కన పెట్టింది.

"తెలుసత్తయ్యా. రేపటి నుంచి రమ్మని చెప్పే వస్తున్నాను."