బావ బ్యాండులో అక్క

మా బావ థర్మన్ గాడిస్ ఒక్కడే ఒక బ్యాండు. ఒళ్లో గిటారు, మెడకి తీగతో బిగించిన మౌతార్గాన్, కుడికాలి కింద పెద్ద డ్రమ్ము, ఎడమకాలి కింద తాళాలు. మొదట్లో ముగ్గురుండేవారు. మిగతా ఇద్దరూ షికాగో రైలెక్కేశాక వాళ్ల పని కూడా తనే నెత్తినేసుకున్నాడు. మిసిసిపీలో మా పత్తిచేల చుట్టుపక్కల శనివారం ఎక్కడ ఆటాపాటా ఉన్నా బావ ఉండాల్సిందే.

మా అక్క వెర్లీన్ మాత్రం ఆ ఆటలకి ఒక్కనాడూ వెళ్లలేదు. ఆమెది చర్చిలో పాడే గొంతు. బావ పాడే బ్లూస్ సైతాను పాటలని అమ్మ చెప్పిన మాట గట్టిగా పట్టుకుంది. బావ ఇంట్లో వాయిస్తుంటే వంటింటి తలుపు వేసుకునేది.

ఆ ఏడు పత్తి ఏరడం ముగిసిన వారంలోనే కంచరగాడిద బావ కుడిపాదం తొక్కింది. పాదం వాచిపోయింది. శనివారం మా పొరుగున ఉండే ఒడెస్సా ఇంట్లో చేపల వేపుడు విందు, ఆట. ఊరంతా కబురు వెళ్లిపోయింది. డ్రమ్ము లేకపోతే జనం అడుగెలా వేస్తారు, రాలేనని చెప్పిరమ్మని బావ నన్ను పంపబోయాడు. పిండి కలుపుతున్న అక్క చెయ్యి ఆపింది.

"డ్రమ్ముకి కాలేగా కావాలి? నాకు రెండున్నాయి."

"నీకు ఆ పాటలే తెలీవు కదే."

"తలుపేసుకున్నాను గానీ చెవులు మూసుకోలేదు. ఇన్నేళ్లూ నీ దరువుకే పిండి పిసుకుతున్నా. రైలు పాటలో నువ్వు తొందరపడతావు, అదీ తెలుసు."

బావ నన్ను ఆగమని చెయ్యూపాడు.

శనివారం సాయంత్రం అక్క చర్చి టోపీ పెట్టుకునే వచ్చింది. ఆడేవాళ్లని చూడకూడదని కుర్చీ గోడవైపు తిప్పుకుని, డ్రమ్మూ తాళాలూ ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్క మగాడి బ్యాండన్నారు, ఇద్దరొచ్చారేమిటని ఎవరో వెక్కిరించారు. అక్క వెనక్కి తిరక్కుండానే, "ఇందులో మగాడు ఒక్కడేగా," అంది. ఇల్లంతా నవ్వింది.

అక్క దరువు నిదానంగా, చర్చిలో చప్పట్లలా గట్టిగా పడింది. రైలు పాటలో బావ పరిగెత్తబోయాడు. ఆమె కదల్లేదు. చివరికి అతనే ఆమె దారికొచ్చాడు. కాళ్లకి పని లేదని అప్పుడే తోచిందేమో, మెల్లగా గోడని ఆనుకుని లేచి నిలబడ్డాడు. ఆ ఇద్దరు స్నేహితులూ షికాగో వెళ్లిపోయాక బావ నిలబడి పాడటం అదే మొదలు. గొంతు కడుపులోంచి వచ్చింది. ఆడేవాళ్లు కూడా ఆగి విన్నారు. అక్క తల తిప్పి అతన్ని చూసింది. మళ్లీ గోడవైపు తిరగలేదు. కాలు మాత్రం తప్పలేదు.

ఆదివారం పాస్టరుగారు అడిగితే, మా ఆయన కాలు నొప్పికి సాయం చేశానని చెప్పింది.

క్రిస్మస్ నాటికి బావ పాదం బాగైంది. ఒకరోజు ఇంట్లో డ్రమ్ము ముందు కూర్చుని కాలితో మెల్లగా కొట్టి చూసుకుంటుంటే అక్క వచ్చి భుజం మీద చెయ్యేసింది.

"లే. ఇక్కడ నేను కూర్చుంటా."

బావ లేచి నిలబడి, గిటారు భుజానికి తగిలించుకున్నాడు.