పో అన్న మాట

ఆండాళమ్మ రోజూ పొద్దున పదింటికి ఫోన్ చేసేది. నార్తాంప్టన్‌లోని ఆ కేర్ కంపెనీ ఆఫీసుకు రోజూ ఫోన్ చేసే ముసలివాళ్లు చాలామందే ఉన్నారు గానీ, తెలుగులో మాట్లాడేది ఆవిడొక్కతే. కొడుకు హర్షవర్ధన్, కోడలు ఎనిమిదిన్నరకల్లా ఉద్యోగాలకు వెళ్లిపోతారు. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి సరిగ్గా నడవలేని ఎనభై రెండేళ్ల మనిషికి స్నానం చేయించి, తినిపించి రావడానికి కంపెనీ ఒక కేరర్‌ని పంపుతుంది. ఆ వచ్చింది ఎవరైనా సరే, ఆవిడకు ఏదో ఒక వంక దొరకాల్సిందే. చాయ్ నీళ్లలా ఉందని ఒక రోజు, కిటికీ సరిగ్గా మూయలేదని ఇంకో రోజు.

వినడానికి మధులిక ఉంది. జనగామ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క, ఎవరు ఏ ఇంటికి ఎన్నింటికి వెళ్లాలో రోటా వేసే పనిలో కుదురుకున్న పిల్ల. కంపెనీయే ఆమెకు వీసా స్పాన్సర్. ఆ సంగతి ఆమె నిద్రలో కూడా మరిచిపోదు.

ఆ రోజు ఫిర్యాదు మాత్రం కొత్తది.

“మధులికా, గా పిల్ల నన్ను పో అంటున్నది బిడ్డా.”

“ఏ పిల్ల అమ్మమ్మా?”

“గదే, కొత్తగ వస్తున్నది సూడు. పొట్టిగ, నవ్వు మొకంది. నీళ్లియ్యమంటె పో అంటది. టైమెంతయిందంటె పో అంటది. నా ఇంట్ల నన్నే పొమ్మంటె నేనెక్కడికి పోవాలె?”

మధులికకు నవ్వొచ్చింది. నవ్వి ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ వారమే మేనేజర్ డెబొరా కొత్త నియమం పెట్టింది. ఫోన్లో వచ్చిన ప్రతి ఫిర్యాదూ మధ్యాహ్నంలోగా కంప్యూటర్లో ఎక్కాలి. ఆ పూట ఇద్దరు కేరర్లు ఒంట్లో బాలేదని సెలవు పెట్టారు, రోటాలో ఎక్కడ చూసినా ఖాళీలే. మధులిక ఇంగ్లీషులో ఒక్క వాక్యం టైప్ చేసింది. క్లయింటును కేరర్ పదేపదే ఇక్కణ్నుంచి పొమ్మంటోంది. బటన్ నొక్కి కాఫీకి లేచింది. అంతా కలిపి అర నిమిషం పట్టింది.

ఆ నవ్వు మొకం పిల్ల పేరు లీజెల్. ఫిలిప్పీన్స్‌లో బతాంగాస్ అనే ఊరి నుంచి వచ్చింది. అక్కడ సోషల్ వర్క్‌లో డిగ్రీ, ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్. పట్టా చేతికొచ్చి ఏడాదిన్నర దాటింది. రెండు వందలకు పైగా అప్లికేషన్లు పెడితే ఇంటర్వ్యూ దాకా వచ్చినవి ఏడు. ఏడింట్లోనూ చివరికి వీసా సంగతి అడిగి, మళ్లీ చెబుతామన్నారు. చెప్పలేదు. ఆరు నెలలు ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేస్తే స్పాన్సర్ చేస్తామని ఈ కంపెనీ మాట ఇచ్చింది. అప్పటికి ఐదు నెలలు గడిచాయి. ఆమె వీసా డిసెంబరు దాకానే ఉంది.

మొదటి రోజు లీజెల్ మధులికను “ఆతే” అని పిలిచింది. మధులిక ముఖం మాడ్చుకుంది. రెండేళ్లు పెద్దయినంత మాత్రాన అత్తా అంటుందా అనుకుంది. ఆతే అంటే వాళ్ల భాషలో అక్క అని తెలిశాక ఇద్దరూ పడీపడీ నవ్వారు. చెల్లెళ్లు లేని మధులికకు ఆ పిలుపు బాగా అలవాటైపోయింది. ఆఫీసు కిచెన్‌లో ఆమె పప్పుచారు, లీజెల్ చేప వేపుడు ఒకే మైక్రోవేవ్‌లో వేడెక్కేవి.

లీజెల్ సంచిలో ఎప్పుడూ ఒక ఫైలు ఉండేది. పనిచేసేవాళ్ల హక్కుల గురించి ప్రభుత్వం వెబ్‌సైటులో ఉన్న పేజీలన్నీ లైబ్రరీలో ప్రింటు తీసుకుని, పసుపు మార్కర్‌తో గీతలు గీసుకుంది. పరీక్షకు చదివినట్టు చదివేది. ఆరు గంటలకు మించి పనిచేస్తే ఇరవై నిమిషాల విరామం ఇవ్వాలట ఆతే, అని ఆశ్చర్యపోయేది. ఆశ్చర్యపోయి ఊరుకోకుండా, మాకెందుకు ఇవ్వట్లేదని డెబొరాకు మర్యాదగా ఒక ఈమెయిలు పెట్టింది. డెబొరా మంచిదే, ఎవరూ ఏమీ అడగనంత కాలం.

కాబట్టి మధులిక రాసిన వాక్యం డెబొరాకు బాగా అక్కరకొచ్చింది. నాలుగు రోజుల్లో లీజెల్‌కు ఉత్తరం వెళ్లింది. క్లయింటు ఆండాళమ్మను పదేపదే పొమ్మని అవమానించినందుకు గురువారం క్రమశిక్షణ మీటింగు, ఉద్యోగం పోవచ్చు.

లీజెల్ ఆ ఉత్తరం పట్టుకుని కిచెన్‌లోకి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

“నేనెప్పుడూ ఎవర్నీ పొమ్మనలేదు ఆతే. అసలు ఆవిడతో నేను గట్టిగా కూడా మాట్లాడను.”

“మరి ఏమంటావు ఆవిణ్ని?” మధులిక కెటిల్‌లో నీళ్లు పడుతూ అడిగింది.

“ఏమంటాను? వెళ్లగానే ‘గుడ్ మార్నింగ్ పో’ అంటాను. నీళ్లు అడిగితే ‘ఓపో’, అంటే సరే, అని తెచ్చిస్తాను. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మా భాషలో చివర ‘పో’ చేరుస్తాం. ఇంగ్లీషులో మాట్లాడినా పెద్దవాళ్లు ఎదురుగా ఉంటే నోటికి అదే వచ్చేస్తుంది. అది లేకుండా మాట్లాడితే మా అమ్మ కొట్టేది. మీ భాషలో లేదా అలాంటిది?”

ఉంది. అండి.

కెటిల్ నిండి నీళ్లు పొర్లుతున్నా మధులిక కుళాయి కట్టలేదు. ఈ కంపెనీలో, బహుశా ఈ ఊరు మొత్తంలో, ఆ ఒక్క అక్షరం రెండు భాషల్లోనూ ఏమిటో ఆ క్షణాన తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. చెప్పడానికి నోరు తెరిచింది. ‘ఆ ఫిర్యాదు రాసిందెవరో ఇందులో లేదు’ అంటూ లీజెల్ ఉత్తరం తిరగేస్తోంది. మధులిక నోరు మూసుకుంది.

“ఈ మీటింగుకి ఒక తోడు తెచ్చుకునే హక్కుంది ఆతే.” లీజెల్ ఫైలు తెరిచి పసుపు గీత చూపించింది. “తోటి ఉద్యోగి అయినా సరే. తోడొచ్చినవాళ్లను కంపెనీ ఏమీ చేయకూడదని కూడా రాసుంది. నువ్వొస్తావా?”

“వస్తాను,” అంది మధులిక. ఆ మాట నిజంగానే అంది. అందరిముందూ అక్కడే చెప్పేస్తాను, నా తప్పేనని ఒప్పుకుంటాను అనుకుంది.

మర్నాడు డెబొరా పిలిచింది. కూర్చోమని బిస్కెట్లు పెట్టింది. “నీ వీసా పేపర్లు జనవరిలో కదా మధు, నేనే సంతకం పెట్టాలి,” అంది. “ఆ ఫిర్యాదు నువ్వే రాశావు. ఇప్పుడు నువ్వే వెళ్లి ఆమె పక్కన కూర్చుంటే, నువ్వు రాసినవన్నీ మళ్లీ మొదటి నుంచి చూడాల్సొస్తుంది. వెళ్లొద్దని నేననను. నీ ఇష్టం.”

బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు. మధులిక బిస్కెట్ తిని, థాంక్యూ చెప్పి బయటికొచ్చింది.

గురువారం పొద్దున ఒంట్లో బాలేదని ఆఫీసుకు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో లీజెల్ మెసేజ్ వచ్చింది. తోడు రాలేకపోతే మీటింగు ఐదు పనిదినాలు వాయిదా అడగొచ్చట, అడిగాను, ఇచ్చారు. గెట్ వెల్ సూన్ ఆతే. నీ కోసం ఆగుతాను.

ఐదు పనిదినాలు. జ్వరం లేదు, దగ్గు లేదు, రాయిలా ఉంది మధులిక. గది తలుపేసుకుని చారన్నం తింటూ, ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ కూర్చుంది. సోమవారం డెబొరాకు ఒక ఈమెయిలు రాసింది. అందులో ముఖ్యమైన వాక్యం ఒక్కటే: పో అంటే వాళ్ల భాషలో మర్యాద మాట, నేను తప్పుగా రాశాను. మంగళవారం అక్కడక్కడా మార్చింది. బుధవారం మళ్లీ చదువుకుంది. గురువారం మధ్యాహ్నం రెండింటికి, మీటింగు మొదలయ్యే వేళకు కూడా, ఆమె వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. పిరికితనమని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన వేలు కదలలేదు.

శుక్రవారం ఆఫీసుకు వెళ్లేసరికి లీజెల్ లాకరు ఖాళీగా ఉంది. మీటింగు పావుగంటలో అయిపోయిందట. చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడిగితే, “నేను ఆవిడను గౌరవించాను” అని ఒక్క మాట అందట. దేని గురించి అంటోందో వాళ్లకు అర్థం కాలేదు. తనమీద పడ్డ నేరం ఏ మాట వల్ల వచ్చిందో ఆ పిల్లకే తెలియదు, ఇంక వాళ్లకేం అర్థమవుతుంది. క్రిస్మస్‌కు పది రోజుల ముందు ఆమె దేశం వదిలి వెళ్లిపోయింది.

జనవరిలో మధులిక పేపర్ల మీద డెబొరా సంతకం పెట్టింది.

ఆ నెలాఖరున ఒక పొద్దున, ఆండాళమ్మకు అందుతున్న సేవలెలా ఉన్నాయో అడిగి రాసుకురావడానికి మధులికనే పంపారు. ముసలావిడ హాల్లో రేడియేటర్ పక్కన శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. మధులిక ఇంకా కాగితాలు తీయకముందే అడిగింది.

“గా పొట్టి పిల్ల ఎందుకొస్తలేదు బిడ్డా? ఇప్పుడొచ్చేటామె నా మొకం గూడ సూడది. ఆ పిల్లయితె కాళ్లకు నూనె రాసేది. ఏదో పాట పాడుకుంట రాసేది.”

“మీరు కంప్లైంట్ ఇచ్చిన్రు గద అమ్మమ్మా. పో అంటున్నదని.”

“నేను తీసెయ్యమన్ననా?” ఆండాళమ్మ తెల్లబోయింది. “పొద్దంత ఒక్కదాన్నే ఉంట. ఊకె నీతోటి చెప్పుకున్న. నువ్వు తెలుగుదానివని చెప్పుకున్న.”

మధులిక ఇక ఆపుకోలేకపోయింది. పో అంటే ఏమిటో చెప్పింది.

“అండి అన్నదా నన్ను?”

“అవును అమ్మమ్మా.”

“నీకెప్పుడెరుక?”

“మీటింగుకు ముందే.”

“మరి ఆల్లకు చెప్పినవా?”

“చెప్పలే. భయమైంది.”

తిడుతుందేమోనని మధులిక తల దించుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆండాళమ్మ శాలువా సర్దుకుని, “ఫోన్ కలుపు, నేను మాట్లాడత,” అంది.

ఫోన్ చేసే ధైర్యం లేక, మాట రికార్డు చేసి పంపుదామంది మధులిక. వాట్సాప్ తెరిచి, బటన్ నొక్కి పట్టుకుని ముసలావిడ నోటి దగ్గర పెట్టింది.

“బిడ్డా, నేను ఆండాళమ్మను. సారీ...” ఆవిడ మధులిక వైపు చూసింది. “నేను గూడ పో అనాల్నా?”

మధులిక తలూపింది.

“సారీ పో,” అంది ఆండాళమ్మ. తన గొంతు తనే విని ముఖం చిన్నబుచ్చుకుంది. “నా నోట్ల నుంచి వస్తె పొమ్మన్నట్టే ఉన్నది గదనే.”

అదంతా రికార్డయి బతాంగాస్‌కు వెళ్లింది. టీ చల్లారకముందే జవాబు వచ్చింది. లీజెల్ గొంతే, వెనకాల ఎక్కడో కోడి కూస్తోంది. “హలో పో, లోలా. థాంక్యూ పో. కాళ్ల నొప్పులెలా ఉన్నాయి పో?” అని ఇంగ్లీషులో అడిగింది. టైముకు తినమంది. చలికి బయటికి వెళ్లొద్దంది. లోలా అంటే అమ్మమ్మ అని మధులికే చెప్పింది. ఆండాళమ్మ మళ్లీ పెట్టించుకుని, పో అన్నప్పుడల్లా ఒక వేలు ముడిచి లెక్కపెట్టింది.

“ఐదుసార్లన్నది. ఎంత మర్యాద చూడు,” అంటూ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, “ఫోన్ నీది గద, నీ పేరే కనపడి ఉంటది దానికి. నిన్నేమన్న అడిగిందా?” అంది.

మధులిక రెండుసార్లూ చివరిదాకా విన్నది. ఆతే అన్న పిలుపు అందులో ఎక్కడా లేదు.

“అడిగింది అమ్మమ్మా,” అంది. “అక్క బాగున్నదా అని అడిగింది.”