తాళం తీయని పెట్టె

జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీల స్టాండు వెనక మెకానిక్ షెడ్డులో పొద్దున్నే మొదట వినిపించేది లియోనీలా తిట్లు. ఇంజన్ల చప్పుడు ఆ తరవాతే. క్లచ్చు మీంచి కాలు తీయకుండా కొండెక్కించే డ్రైవర్లనీ, బ్రేకులు అరిగి ఇనుము కనబడుతున్నా "నిన్నటిదాకా బాగానే ఉందక్కా" అనేవాళ్లనీ ఆవిడ పేరుపేరునా పలకరించేది. ఏడాదిగా అదే నల్లగౌను. ఏడాదిగా అరువు తెచ్చిన పనిముట్లే.

సొంతానికి పెట్టెడు పనిముట్లున్నాయి. ఆవిడ మొగుడు, పేరు క్రిస్పులో, అమెరికావాళ్ల నౌకాస్థావరంలో పనిచేసిన రోజుల్లో సంపాదించినవి. స్క్రూడ్రైవర్లకి తేనెరంగు ప్లాస్టిక్ పిడులు. వెలుతురుకి పెడితే అవతలి మనిషి కనబడతాడు. క్రిస్పులో వాటిని తుడిచినంత శ్రద్ధగా పెళ్లాం మొహం ఎప్పుడూ చూడలేదు. జీప్నీ కింద పడుకుని "తిప్పు" అనేవాడు అతను. పైనుంచి తిప్పేది ఆవిడ. కూలీ, పేరు మాత్రం కింద పడుకున్నవాడివి.

అతను పోయిన రోజున పెట్టెకి తాళం పడింది. ఒలొంగపో ఊళ్లో ఆ వాడ పద్ధతి అది. మెకానిక్ పోతే అతని పెట్టె సంవత్సరీకం దాకా తెరవకూడదు. సంవత్సరీకం భోజనాల నాడు అందరి ముందూ తెరవాలి. దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషిదే షెడ్డు.

"ప్లాస్టిక్ పిడుల్ని ఏడాది గాలాడకుండా మూస్తే కంపుకొడతాయి," అని లియోనీలా ఆనాడే చెప్పింది.

"గౌరవం లియోనీలా, గౌరవం," అన్నాడు స్టాండు పెద్ద తిబూర్సియో, టోపీ గుండెకి ఆనించుకుని. టోపీ గుండె మీదున్న మగవాడితో వాదించడం దండగని ఆవిడ ఊరుకుంది.

సంవత్సరీకం నాటికి క్రిస్పులో తమ్ముడు డెల్ఫిన్ మనీలా నుంచి దిగాడు. అక్కడ పెద్ద గ్యారేజీ నడిపానని చెప్పుకున్నాడు. వెంట ఎర్రటి ఇనప్పెట్టె. మూతకి చుట్టూ రబ్బరు, ముందు గుప్పెడంత తాళం. అతని గోళ్లు పెళ్లికొడుకు గోళ్లలా ఉన్నాయి.

ప్రార్థన అయింది. చారింగ్ తన పూటకూళ్ల కొట్టు నుంచి పన్సిత్ నూడుల్స్ గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. డెల్ఫిన్ అన్న పెట్టె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇది రక్తసంబంధానికి చెందాలి వదినా. షెడ్డు నేను చూసుకుంటాను. నువ్వు హాయిగా వంటా వార్పూ చూసుకో. నాకు నీ మీదేం కోపం లేదు."

"కోపం రావాలంటే మెలకువగా ఉండాలి డెల్ఫిన్. పని మాట వినబడితే నీకు నిద్రే కదా వచ్చేది."

డ్రైవర్లు నవ్వారు. అతను తాళం తీసి మూత ఎత్తాడు.

నవ్వులు ఆగిపోయాయి. తాగి చొక్కా మీద కక్కుకున్నవాడు ఏడాదిపాటు ఆ చొక్కా విప్పకపోతే ఎలా ఉంటుందో అలాంటి కంపు. తేనెరంగు పిడుల మీద తెల్లటి పొడి పేరుకుపోయింది. ప్రార్థన చదివిన ముసలావిడ ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

"కుళ్లిపోయాయి!" డెల్ఫిన్ పెట్టెని కాలితో అవతలికి తోశాడు. "పారెయ్ వదినా. నా దగ్గర సరికొత్తవున్నాయి."

లియోనీలా వంగి పెట్టె ఎత్తుకుంది. కాలితో తోసినవాడివైపు కాదు, తోస్తుంటే చూస్తూ కూచున్న మగాళ్లవైపు చూసింది. ఏడాది పాటు గౌరవించిన పెట్టె అది.

తిబూర్సియో గొంతు సవరించుకున్నాడు. న్యాయం చెప్పేముందు అతనికది అలవాటు. న్యాయం ఎప్పుడూ తన జీప్నీకి పనికొచ్చేలాగే ఉండేది. "అతనికీ పెట్టె ఉంది, ఆవిడకీ ఉంది. నా బండి పొద్దుట్నించి కదలట్లేదు. భోజనాలయ్యాక ఎవరు కదిలిస్తే షెడ్డు వాళ్లది."

లియోనీలా భోజనానికి కూచోలేదు. పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు, సబ్బు, వంటసోడా కలిపింది. పాత పళ్లబ్రష్షుతో ఒక్కో పిడినీ గాడిగాడినా తోమింది. ఆ చప్పుడు వినగానే వాడంతా లేచింది.

పిడుల్ని కడిగితే వాసన దిగి నడుచుకుంటూ పోతుంది. అక్కడ ఎప్పుడూ అంతే. ముసలికుక్క పడుకునే చోటు వెతుక్కున్నట్టు మెల్లగా వీధి పట్టుకుని వెళ్తుంది, మూసున్నది ఏది కనబడినా అందులో దూరుతుంది. అందుకని అన్నీ తెరవాలి. చారింగ్ గిన్నెల మూతలన్నీ తీసేసింది. తిబూర్సియో సిగరెట్ డబ్బా తెరిచాడు. ముసలావిడ చేతిసంచీ తెరిచి, అనుమానం తీరక గొడుగు కూడా విప్పింది. ఎదురింటివాళ్లు బీరువా తలుపులు బార్లా తీశారు. వాసన పళ్లెం అంచు దిగి బయల్దేరింది. కోళ్లు దారిచ్చాయి.

"డెల్ఫిన్, నీ పెట్టె తెరువు," అంది చారింగ్.

"నా పెట్టె నా ఇష్టం."

"ఇటే వస్తోందిరా! తెరవమంటుంటే!"

"తెరిస్తే ఒక్కటైనా మిగులుతుందా? మీ చేతుల సంగతి నాకు తెలీదూ?" అంటూ అతను వెళ్లి పెట్టె మీద కూచున్నాడు.

వాసన బీరువాల ముందు నుంచి సాగిపోయింది. గొడుగు కింద కాసేపు ఆగింది. డెల్ఫిన్ బూట్ల దాకా వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, తాళం కన్నంలోంచి లోపలికి వెళ్లిపోయింది. వీధిలో గాలి తేటపడింది. అందరూ మూతలు పెట్టేసుకుని పన్సిత్ తిన్నారు.

భోజనాలయ్యాయి. తిబూర్సియో జీప్నీ ముందు డెల్ఫిన్ పెట్టె తెరవక తప్పలేదు. మూత లేవగానే మొదటి వరస డ్రైవర్లు రెండో వరసలోకి జరిగారు. తరవాత మెడలు చాచి చూశారు. స్పానర్లూ స్క్రూడ్రైవర్లూ అన్నీ కొట్లో కట్టిన అట్టలకే ఉన్నాయి. ప్లాస్టిక్ బందులు ఒక్కటీ తెగలేదు. డెల్ఫిన్ ఒక స్క్రూడ్రైవర్ని అట్ట నుంచి పీకబోయి, దాని పిడి ముట్టుకుని, పక్కకి తిరిగి తిన్నదంతా కక్కుకున్నాడు.

"గ్యారేజీ పెద్దదే అన్నావు," అంది లియోనీలా. "పనిముట్లకి కూడా నిద్ర అలవాటు చేశావన్నమాట."

ఆవిడ జీప్నీ బానెట్ ఎత్తింది. కడిగిన పిడి చేతికి పొడిగా, చల్లగా తగిలింది. కార్బ్యురేటర్ విప్పి, ఇరుక్కున్న సూదిని వదులుచేసి, మళ్లీ బిగించింది. "తిప్పు," అనడానికి కింద ఎవరూ లేరు. ఇంజన్ దగ్గి, దగ్గి, అందుకుంది.

"షెడ్డు నీదే లియోనీలా," తిబూర్సియో ఉదారంగా చెయ్యి ఊపాడు. "ఇంత పని నీకొచ్చని మాకేం తెలుసు?"

"మరి ఈ ఏడాదంతా నీ బండి దేంతో నడిచిందనుకున్నావు? గౌరవంతోనా?"

మర్నాడు చారింగ్ పూలగౌను ఒకటి పట్టుకొచ్చింది. "ఏడాది తీరిందిగా, ఇంక ఆ నలుపు విప్పెయ్ అక్కా." లియోనీలా వద్దంది. నలుపు మీద గ్రీజు కనబడదు. వాడంతా మాత్రం ఎంత పతిభక్తి అని చెప్పుకుంది.

డెల్ఫిన్ అదే రోజు మనీలా బస్సెక్కాడు. లియోనీలా బస్టాండు దాకా వెళ్లింది, అతని మీద జాలితో కాదు, ఆ బస్సులో కూచోవలసినవాళ్లని తలుచుకుని.

"మూత తీసి గాలికి పెట్టు. సబ్బూ సోడా వేసి కడుగు. వెళ్లిపోతుంది."

అతను ఆవిడని కిందికీ పైకీ చూశాడు. "తెరిచిపెడితే ఎవరు ఎత్తుకుపోతారో నాకు తెలుసులే వదినా." జేబులోంచి కొత్త తాళం తీసి, పాత తాళం పక్కనే వేశాడు.

బస్సు కదిలింది. ముందు డ్రైవర్ పక్క కిటికీ తెరుచుకుంది. మలుపు తిరిగేలోగా కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

లియోనీలా షెడ్డుకొచ్చి మొగుడి పెట్టెకున్న మడతబందులు విప్పి మూత ఊడదీసింది. ఆ మూతని తిబూర్సియో జీప్నీ కింద వెల్లకిలా పెట్టింది, కారే నూనె పట్టడానికి.