తూర్పు తలుపు

నేను ఒక టీ-స్క్వేరుని. పేరు ఇంగ్లీషుదైనా పుట్టింది కాకినాడలో, ఒక వడ్రంగి చేతుల్లో, టేకు చెక్కతో. డ్రాయింగు బల్ల అంచుకి నా తల ఆనించి, నా ఒంటి వెంబడి పెన్సిలు లాగితే గీత వంకర పోదు. నాకు వచ్చిన విద్య అదొక్కటే. మనుషులకి చాలా విద్యలు వచ్చు, వాళ్ళ ఇబ్బందంతా అక్కడే.

నన్ను కొనుక్కున్న అమ్మాయి పేరు సత్యవేణి. ఆర్కిటెక్చరు చదవడానికి వెళ్తూ బస్సులో నన్ను ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చుంటే, పక్కనున్నావిడ ఇది దేనికమ్మా, బట్టలు నెయ్యడానికా అని అడిగింది. ఇళ్ళు కట్టడానికని సత్యవేణి ఎంత గర్వంగా చెప్పిందో.

చదువయ్యాక తోటివాళ్ళంతా అపార్టుమెంట్లు గీసుకుంటుంటే, ఈమె సముద్రం ఒడ్డున కోనపాలెం అనే మత్స్యకారుల ఊరికి తుపాను షెల్టరు గీసింది. ఎత్తైన స్తంభాల మీద ఒక పెద్ద హాలు. మెట్లూ తలుపూ పడమట, అంటే ఊరి వైపు. తూర్పున సముద్రం ఉంది కాబట్టి అటు గోడే ఉండాలి. నా చెక్క బుర్రకే అర్థమైన సంగతి ఇది.

ఆ కాగితం ఆఫీసుల్లో దుమ్ము కొట్టుకుపోయింది. చెప్పులు అరిగేలా తిరిగిన సత్యవేణికి కోనపాలెంలో చేపలమ్మే పోలమ్మ ఒకరోజు మజ్జిగ ఇచ్చి, "ఆళ్ళని బతిమాలడం దేనికమ్మా? నువ్వే నిలబడు. సంతకం నువ్వే ఎట్టేసుకుందువు గాని" అందట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వింది. తర్వాత నిజంగానే ఎన్నికల్లో నిలబడింది. పోలమ్మ చేపల గంప పక్కన పెట్టి వాడవాడా తిరిగి ఓట్లడిగింది. సత్యవేణి ఎమ్మెల్యే అయింది, నేను గోడెక్కాను. కార్యకర్తలు నాతో బూజులు దులిపారు. ఒకాయన జెండా కట్టి ఊరేగించాడు కూడా.

షెల్టరు మంజూరయ్యాక ఊరి పెద్దలు వచ్చి తలుపు తూర్పుకి మార్చమన్నారు. కోనపాలెంలో ఏ ఇంటి గుమ్మమూ సముద్రానికి వీపు పెట్టదు. వేటకి వెళ్ళినవాడు తిరిగొచ్చేదాకా ఆడవాళ్ళు గుమ్మంలోనే కూర్చుని చూస్తారు. పడమటి తలుపంటే గంగమ్మ తల్లికి వీపు చూపించడమే. సత్యవేణి ఎంతో వాదించింది. చివరికి పోలమ్మే వచ్చి చెయ్యి పట్టుకుని అడిగింది. అవతల ఎన్నికలు దగ్గరపడ్డాయి. పోలమ్మ కోసమే ఒప్పుకున్నానని సత్యవేణి అందరికీ చెప్పింది, తనకి తనూ చెప్పుకుంది. నన్ను కిందికి దింపి, తన చేత్తోనే తలుపు తూర్పుకి గీసింది. ఆ గీత వంకర లేకుండా ముచ్చటగా వచ్చింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఎన్నికల్లో మళ్ళీ గెలిచింది. షెల్టరు లేచింది. ఆ తర్వాత తుపానూ వచ్చింది. అందరూ ఎక్కుతుండగా నీళ్ళు తూర్పు మెట్ల మీదికి విరుచుకుపడ్డాయి. ముసలివాళ్ళనీ పసిపిల్లల తల్లులనీ ముందు పంపి, వెనకాల నిలబడిన పోలమ్మని ఉప్పెన అక్కణ్ణించే తీసుకుపోయింది. శవం కూడా దొరకలేదు.

మెట్లు కొట్టుకుపోయాయి, మళ్ళీ కట్టాలి. సత్యవేణి నన్ను బల్ల మీద పెట్టుకుని కూర్చున్న పూట, పోలమ్మ భర్త నూకరాజు పెద్దలతో కలిసి వచ్చాడు. ఆమె లేచి నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. తిట్లు తినడానికి సిద్ధపడింది.

"మీరు మా మాట ఇన్నారు. సముద్రం ఇనలేదు. మీరేం చేత్తారండి?" అన్నాడు నూకరాజు.

తిట్టి ఉంటే తట్టుకునేది. ఈ మాటకి ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఆయన కాగితం వైపు చూసి, ఏ వైపు తలుపో అడిగి తెలుసుకున్నాడు.

"ఈసారీ తూర్పుకే ఎట్టండమ్మగారూ. మా ఆడమనిషి అటే ఎల్లింది. ఆవిడకి ఈపు ఎట్టుకుని ఎలా కూకుంటామండి?"

పెద్దలు మెల్లగా ఓట్ల సంగతి ఎత్తారు.

"ఓట్లు వెయ్యకండి. మీరు మిగలండి, చాలు" అంది సత్యవేణి. వాళ్ళ ఎదుటే తలుపు పడమటికి గీసింది. నేను ఉన్నాను కాబట్టి గీత వణకలేదు.

పంతం పట్టి ఆ మెట్లు కట్టించింది. వచ్చిన ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయింది. ఇంటి ముందు కార్లు మాయమయ్యాయి. నన్ను ఒక మూల నిలబెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

మొన్న మళ్ళీ తుపాను వచ్చింది. కోనపాలెం అంతా పడమటి తలుపులోంచి షెల్టరెక్కి, చెక్కుచెదరకుండా దిగింది. ఆ కబురు తెచ్చినవాళ్ళు మీ చలవేనమ్మా అని ఆమెకి దండం పెట్టారు. నూకరాజు ఎలా ఉన్నాడని అడిగింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంతమంది లాగినా ఆయన మెట్లెక్కలేదట. మా ఆవిడ అటుంటే నేనిటెక్కనని, తూర్పు గోడ కింద, సముద్రానికి ఎదురుగా కూర్చుండిపోయాడట.