వెనక అట్ట వైపు సినిమా

మా అచ్చిబాబు బాబాయి సినిమా చూడడు, సినిమా పెట్టుకుని నిద్రపోతాడు. వెంకటదుర్గ పిన్ని సినిమా నడుస్తుండగా ఫోనులో చీరలు చూస్తుంది. ఈ ఇద్దరూ కలిసి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి యూట్యూబు లైవ్‌లో ఒక పాత సినిమానూ ఒక కొత్త సినిమానూ సమీక్షిస్తారు. వాళ్ళకి పదకొండు వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఆ పదకొండు వేల మంది కూడా బాబాయిలాగే సినిమాలు చూస్తారని నా అనుమానం.

ఛానల్ పేరు 'బొండాం – కురిడీ'. బాబాయిది కొబ్బరికాయల వ్యాపారం. అందరిలా స్టార్లు ఇవ్వడం ఆయనకి నామోషీ. కొత్త సినిమా బాగుంటే బొండాం అంటాడు. పాత సినిమా బాగుంటే పిన్ని కురిడీ అంటుంది. అటక మీద ఏడాది వదిలేస్తే నీళ్ళన్నీ ఇంకిపోయి, చిప్పలో కొబ్బరి విడిపోయి గలగలమనే కాయే కురిడీ. మామూలు కాయ కంటే దానికే గిరాకీ ఎక్కువ. ఈ సంగతి తెలియని వాళ్ళెవరో, అంత మంచి సినిమాని ఎండిపోయిందంటారేంటని కింద తిట్టి పోతుంటారు. బాగోని సినిమా పాతదైనా కొత్తదైనా ఒట్టి కాయే. పైకి కాయలాగే ఉంటుంది, కొడితే లోపల ఏమీ ఉండదు.

కెమెరా ముందు వాళ్ళ మర్యాద చూసి తీరాలి. ముందు మీరు చెప్పండి దుర్గ గారూ అంటాడు బాబాయి. అయ్యో, మీరుండగా నేనేంటండి అంటుంది పిన్ని. ఫోను ఆపిన మరుక్షణం దుర్గ గారు కాస్తా "ఏమే, టీ" అయిపోతుంది.

ఆ ఫోను పట్టుకునేది నేను. స్టాండు విరిగిపోతే కొత్తది కొనకుండా ఎదురింట్లో ఉన్న నన్ను నిలబెట్టారు. నేను పదో తరగతి. క్లాసులో హాజరు పలకడానికే నాకు గొంతు పూడుకుపోతుంది కాబట్టి, వెనక నుంచి శబ్దం రాదనీ, నన్ను మించిన స్టాండు దొరకదనీ బాబాయి మా అమ్మతో మెచ్చుకున్నాడు కూడా.

సినిమాలు మొదటి నుంచి చివరి దాకా చూసేది కూడా నేనే. చూసి నోటుబుక్కులో రాసుకుంటాను. ఒక ఆదివారం ఇంటర్వెల్ తర్వాత కథ ఏమైందో తెలియక బాబాయి నీళ్ళు నములుతుంటే, పిన్ని లేచి వచ్చి నా పుస్తకం లాక్కుని చదివేసింది. ఇక అదే అలవాటైపోయింది. పిన్ని గొంతు బాగుంటుంది. కాకపోతే ఏది రాసి ఉంటే అది చదివేస్తుంది. ఒకసారి నేను పక్కన 'ఇక్కడ కాస్త ఆగాలి' అని రాసి పెడితే, "ఇక్కడ కాస్త ఆగాలండి" అని కూడా చదివింది. అది సినిమా మీద విమర్శ అనుకుని బాబాయి గంభీరంగా తలూపాడు.

పోయిన నెల ఒక నలుపు తెలుపు సినిమా గురించి రెండు వాక్యాలు రాశాను. 'ఈ సినిమాలో అందరూ కథానాయిక త్యాగాన్ని పొగుడుతారు. ఆమె అన్నం తిన్నదా అని ఒక్కరూ అడగరు.' పిన్ని వాటిని చక్కగా చదివింది.

ఆ బుధవారం మా తెలుగు టీచరు హెలెన్ గారు ఆ రెండు వాక్యాలనీ బోర్డు మీద రాశారు. మన ఊరావిడ ఎంత బాగా చెప్పిందో చూడండి, మాట పొదుపంటే ఇది అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"వినీలా, మీ పిన్నే కదమ్మా. ఆవిడ్ని చూసైనా పరీక్షలో రెండు ముక్కలు సొంతంగా రాయడం నేర్చుకో."

అవి నావండి అనాలి. రెండే మాటలు. అవి కూడా రాలేదు. నా వాక్యాలని నేనే బోర్డు మీద చూసి నోట్సులోకి ఎక్కించుకున్నాను. కింద వెంకటదుర్గ గారు అని రాయమంటే అదీ రాశాను.

ఆ సాయంత్రం పిన్ని దగ్గరికి వెళ్ళి, చదివేటప్పుడు నా పేరు కూడా చెప్పమని అడిగాను. అలా అడగడానికి వీధిలో మూడుసార్లు అటూ ఇటూ తిరగాల్సి వచ్చింది. పిన్ని ఏదో అనబోయింది. అరుగు మీద కాయలు ఏరుతున్న బాబాయి ఒక కాయని చెవి దగ్గర ఊపుతూనే, నువ్వుండవే అన్నాడు పిన్నితో. ఇంట్లోవాళ్ళం, ఎవరు చెబితే ఏంటి, పేరుదేముంది అని నాకు బోధించాడు. ఛానల్ బొమ్మ మీద ఆయన పేరు మీసంతో సహా ఉంది. పిన్ని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి నోటుబుక్కుని వెనక అట్ట వైపు నుంచి తెరిచాను. ముందు వైపు సినిమాలు, వెనక వైపు నా డైరీ. కోపంలో కూడా నాకు సినిమా భాష తప్ప ఇంకోటి రాలేదు. ఒక పేజీ నిండా రాసి పడుకున్నాను.

ఆదివారం కొత్త సినిమా. అన్నదమ్ములు పొలం గట్టు కోసం రెండు గంటలు కొట్టుకుని, చెల్లెలి పెళ్ళిలో ఐదు నిమిషాల్లో కలిసిపోతారు. చెల్లెలికి ఆ పెళ్ళి ఇష్టమో కాదో దర్శకుడికి కూడా తెలిసినట్టు లేదు. అంతా చూసి రాశాను. బాబాయి పేర్లు పడుతుండగానే గుర్రు పెట్టాడు.

లైవ్ మొదలైంది. మూడు వందల మంది చూస్తున్నారు. బాబాయి చేతిలో ఎప్పటిలాగే అలంకారానికి ఒక కొబ్బరికాయ, ఒళ్ళో కామెంట్లు చూసుకోవడానికి రెండో ఫోను. పిన్ని బల్ల మీది నా పుస్తకం తీసి తెరిచింది. నా వైపుకి ఎక్కాల పట్టిక కనబడింది. ఎక్కాలు ఉండేది వెనక అట్ట మీద.

నేను చెయ్యి ఊపబోతే ఫోను ఊగింది. కదలకుండా పట్టుకోమని బాబాయి కళ్ళతోనే గదిమాడు. పిన్ని అప్పటికే చదవడం మొదలుపెట్టింది.

"ఈ సినిమాలో కథానాయకుడికి తన గొంతంటే చాలా ఇష్టం. ఎదుటివాళ్ళ మాట మొదటి సగం వింటాడు. రెండో సగం తనే చెబుతాడు, అదీ తప్పుగా."

బాబాయి హాయిగా నవ్వి, ఇలాంటివాళ్ళు ఊరికొకడు ఉంటాడండి అన్నాడు.

"నలుగురిలో భార్యని గారు అంటాడు. తలుపేస్తే ఏమే అంటాడు. ఆ గారు, పెళ్ళిళ్ళకి మాత్రమే పెట్టెలోంచి తీసే పట్టుపంచె లాంటిది."

"బాగా రాశాడండి డైలాగు. మనిషన్నాక ఇంటా బయటా ఒకేలా ఉండాలండి. లేపోతే ఎందుకండి ఆ బతుకు?"

ఆయన అంత నిజాయితీగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. పిన్ని మాత్రం తల ఎత్తలేదు. ఆమె వేలు తర్వాతి వాక్యం కింద ఆగింది. ఆ వాక్యం ఏమిటో నాకు తెలుసు. ఆమె పేజీ తిప్పేయొచ్చు. గొంతు సవరించుకుని, ఇంకాస్త పెద్దగా చదివింది.

"కథానాయిక ఏదైనా చెప్పబోతే, ఆ మాటని కొబ్బరికాయలా చెవి దగ్గర ఒకసారి ఊపి, నీళ్ళు లేవని పక్కన పడేస్తాడు. ఆవిడా తక్కువేం తినలేదు. తన మాట పోయినా ఊరుకుంటుంది గానీ, ఎదురింటి పిల్ల మాటలు..."

ఏది రాసి ఉంటే అది చదివే అలవాటు అంత తేలిగ్గా ఆగదు. మిగతాది గొంతు తగ్గించి చదివింది. "తీసుకుని తనవని చెప్పుకుంటుంది."

"హీరోది కొబ్బరి వ్యాపారమా? మనోడే" అని సంబరపడ్డాడు బాబాయి. "అయినా సరే, న్యాయం న్యాయమేనండి. ఒట్టి కాయ. సినిమా కాదు, ఆ మనిషే ఒట్టి కాయ."

అప్పుడు రెండో ఫోనులోకి చూసి, కిరణ్ కుమార్ గారని ఒకాయన ఇది ఏ సినిమా అని అడుగుతున్నాడని, తను చూసిన దాంట్లో ఇవేమీ లేవంటున్నాడని చెప్పాడు. పేరు చెప్పండి దుర్గ గారూ అన్నాడు.

పిన్ని పుస్తకం మూసి అట్ట మీది ఎక్కాలని చూసింది. తర్వాత ఫోను పైనుంచి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను.

"నేను రాస్తే కదండీ నాకు తెలియడానికి? రాసినదాన్నే అడగండి."

ఇప్పుడు కూడా ఊరుకుంటే, అవి ఇక ఎప్పటికీ నావి కావు. ఇంతా చేసి ఫోను మైకు నా నోటి దగ్గరే ఉంది.

"ఈ సినిమా ఇంకా ఆడుతోందండి" అన్నాను. "రాసింది నేనండి. అన్నం తిన్నదా అన్నది కూడా నాదేనండి. నా పేరు వినీల."

బాబాయి నన్ను చూశాడు, పిన్నిని చూశాడు. అలవాటు కొద్దీ చేతిలోని కాయని చెవి దగ్గరికి తీసుకెళ్ళబోయాడు. సగం దారిలో చెయ్యి ఆగిపోయింది. అది మూడు వందల మంది చూశారు. ఫోను నేను కదపలేదు.

ఆ వీడియో తీసేస్తానని బాబాయి ఆ సాయంత్రమంతా వీధి వినేలా అరిచాడు. పొద్దున లేచేసరికి దాన్ని నలభై వేల మంది చూశారు. అదంతా ముందే అనుకుని చేసిన హాస్యమని కింద రాసి, ఉంచేశాడు. ఆ మనిషి నుంచి అంతకంటే నేనేమీ ఆశించలేదు. తర్వాతి ఆదివారం ఫోను ఆపగానే "ఏమే" అని మొదలుపెట్టి, నా చేతిలో పెన్ను చూసి, టీ తనే పెట్టుకోవడానికి లేచాడు. పంచదార ఎక్కడుందో వెతకడానికి చాలాసేపు పట్టింది. పిన్ని చెప్పలేదు.

బుధవారం హెలెన్ టీచరు నా నోట్సు తెప్పించుకున్నారు. ఆ రెండు వాక్యాల కింద ఉన్న వెంకటదుర్గ అనే పేరుని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన వినీల అని రాసి ఇచ్చారు.

పక్కన ఉన్న 'గారు' మాత్రం కొట్టెయ్యలేదు.