చిగురేసిన మంచం

పొద్దున్నే కాఫీ కలిపేసి, కత్తెర పుచ్చుకుని అత్తగారి మంచం చిగుర్లు కత్తిరించడం సుగంధికి రోజూ ఉండే పనే. మంచం బోర్నియో దీవి కర్రతో చేసింది. మొగుడు తినగరన్ పెంచే పిట్టదీ ఆ దీవే. నల్లటి ఒళ్లు, నెత్తిన తెల్ల టోపీ, ఆ అడవుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా పుట్టని జాతి. అది పాడితే మంచం చిగురేస్తుంది. వేయక ఏం చేస్తుంది? మలేషియాలో వాళ్లుండే బంటింగ్ ఊళ్లో ఆ వీధి వీధంతా అలాగే అనుకుంది. మొదట్లో సుగంధి ఆ చిగుర్లు పప్పులో కూడా వేసింది. ఆకు కనిపిస్తే ఊరుకుంటామా మనం! పరమ చేదు.

అత్తగారు రాసమ్మ బాత్రూములో జారిపడి, తుంటి విరిగి, ఏడాదిగా ఆ మంచం మీదే ఉంది. ఎముక అతికింది గానీ, కాలు కింద పెట్టాలంటే ప్రాణం పోయేంత భయం.

"ఆ పిట్టని అడివికి పంపీరా," అని కొడుకుని రోజూ అడిగేది.

"ఆదివారం క్లాంగ్‌లో పాటల పోటీ ఉందమ్మా. కప్పు మనదే లా!" అని మలేషియా వాళ్ల తీరులో మాట చివర ‘లా’ తగిలించి, తినగరన్ పంజరం మీద గుడ్డ కప్పేసి ఫ్యాక్టరీకి పోయేవాడు. చీకట్లో ఉంచితే పిట్ట గొంతులో పాట ఊరుతుందని పోటీలవాళ్ల నమ్మకం.

ఆ చీకట్లో అది రెక్కలు కొట్టుకుంటుంటే రాసమ్మ ఆ గుడ్డ వైపే చూస్తూ ఉండేది. కదలలేకపోవడం ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పాలా?

"సుగంధీ, గుడ్డ తీసీ. మంచానికి కుడేపు కొమ్మ కొయ్యకు."

"ఏటి సేస్తావత్తా?"

"లెగుస్తాను. ఆడు పంపకపోతే నానే దాన్ని అట్టుకెల్తాను."

ఆ పూటే సుగంధి కత్తెర దాచేసింది. తినగరన్ బండి మలుపు తిరగ్గానే గుడ్డ తీసేది. పిట్ట పాడేది. కొమ్మ వేలంత అయింది, మణికట్టంత అయింది. సాయంత్రం మొగుడి కంట పడకుండా దానిమీద చీర ఆరేసేది. రాసమ్మ కొమ్మ పట్టుకుని లేచేది, కూలబడేది, "పాడవే సచ్చినదానా, ఇంకా పాడు!" అని పిట్టని తిట్టి మళ్లీ లేచేది.

ఆదివారం తినగరన్ కొత్త చొక్కా తొడుక్కుని పంజరం కోసం వచ్చాడు. తల్లి నిలబడి ఉంది. ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో పంజరం.

"అమ్మా! నిలబడ్డావే!" వాడికి కళ్లనీళ్లు ఆగలేదు.

"దీని పున్నెం రా. కారు తియ్యి. అడివి ఆఫీసోళ్లకి సుగంధి ఫోన్ సేసింది. ఇమానంలో దాని దీవికి పంపుతారంట."

తినగరన్ పోటీ సంగతి వదిలేసి కారు తాళాలు తీసుకున్నాడు. పంజరం అందుకోబోయాడు.

"నానే మోస్తాను," అని రాసమ్మ కొమ్మ వదిలేసి గుమ్మం వైపు అడుగేసింది.